కొత్త మిషను మీద మనసు విరిగిందా? వాపసు గడువు దాటకముందే ఇవి చూసుకో

చెల్లీ, నువ్వు రాసింది నిదానంగా చదివాను. ట్రైనింగ్ సెంటర్లో నల్ల తొక్కుడు మిషను మీద జాకెట్లు నేర్చుకున్నావు. చీటీ డబ్బు చేతికి రాగానే 11,000 రూపాయలు పెట్టి ఆన్‌లైన్లో జిగ్‌జాగ్ (అటూ ఇటూ పడే వంకర కుట్టు) ఉన్న తెల్ల కరెంటు మిషను తెప్పించావు. వచ్చి 5 రోజులైంది. మామూలు కాటన్ మీద కుడితే అడుగున దారం ఉండలు కడుతోంది. పట్టు జాకెట్టుకి లైనింగ్ వేస్తే కుట్లు తప్పుతున్నాయి. భుజం జాయింటు దగ్గర పైపింగ్ (లోపల తాడు పెట్టి అంచుకి కుట్టే పట్టీ) మీదికి రాగానే గుయ్‌మని మోత పెట్టి ఆగిపోతోంది. కస్టమర్ కేర్ వాళ్ళు వీడియో చూడమంటున్నారు, మీ అత్తగారు ఆ డబ్బుతో పాతరకం నల్ల మిషనే కొనుక్కుంటే పోయేదంటున్నారు. వాపసు ఇచ్చేయనా, ఉంచుకోనా అని అడిగావు.

నా దగ్గర నేర్చుకుని వెళ్ళిన పిల్లల్లో చాలామందికి ఇదే జరిగింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. నువ్వు చెప్పిన మూడు తంటాలూ వేర్వేరు. ఉండలు కట్టడం దారం ఎక్కించడంలో వచ్చేది. కుట్లు తప్పడం ఎక్కువగా సూదిది. జాయింటు దగ్గర ఆగిపోవడం ఆ మిషను బలానికి సంబంధించింది. మొదటి రెండూ నువ్వే ఇంట్లో సరిచేసుకోగలవు. మూడోది పూర్తిగా పోదు, ఆ పని కోసం ఈ మిషను పుట్టలేదు. మొదటి రెండూ సర్దిన తర్వాత కూడా మామూలు కాటన్ మీద కుట్టు పడకపోతే అప్పుడు అది పాడైన మిషను, వెనక్కి పంపాల్సిందే. ఇది తేల్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు.

ముందుగా రెండు జాగ్రత్తలు. వచ్చిన అట్టపెట్టె, థర్మోకోల్, బిల్లు, వారంటీ కార్డు ఏదీ పారేయకు. మిషను వెనకనో అడుగునో ఉండే సీరియల్ నంబరుకి ఫొటో తీసి పెట్టుకో. ఆన్‌లైన్లో కొన్నవాటికి వాపసు గడువు చాలాచోట్ల 7 రోజులో 10 రోజులో ఉంటుంది, నీ ఆర్డర్లో తేదీ రాసి ఉంటుంది, ఇప్పుడే చూడు. ఇక రెండోది, ఎవరు చెప్పినా సరే, బాబిన్ (అడుగుదారం చుట్టే చిన్న రీలు) కేసు మీది చిన్న స్క్రూ తిప్పకు, అడుగు మూత విప్పకు. పక్కింటి మెకానిక్ చేత విప్పించిన మిషన్ని కంపెనీ వాళ్ళు వారంటీలో తీసుకోం అంటే నువ్వేం చేయలేవు.

ఇప్పుడు ఉండల సంగతి. అడుగున దారం గుబురుగా పోగుపడితే అందరం బాబిన్ వైపే చూస్తాం, దాన్నే బిగిస్తాం, వదులుచేస్తాం. నిజానికి అడుగున కనిపించే ఆ పోగు పైదారానిది. పైన దాన్ని పట్టుకునే బిగువు లేక కిందికి జారిపోయి చుట్టుకుంటోంది. ఇది కళ్ళతో చూడాలంటే పైన ఎర్రదారం, బాబిన్లో తెల్లదారం వేసి, రెండు మడతల పాత కాటన్ చీర ముక్క మీద ఒక జానెడు కుట్టి చూడు. అడుగున ఎర్రగా ఉచ్చులు కనిపిస్తే పైదారం వదులు. పైన తెల్లచుక్కలు తేలితే పైదారం బిగువు ఎక్కువైంది, లేదా బాబిన్ దారం వదులుగా ఉంది. కుట్టు బాగుంటే పైన ఎర్రే, కింద తెల్లే కనిపిస్తాయి, ముడి రెండు మడతల మధ్యన దాక్కుంటుంది. ఈ గుడ్డముక్క దాచిపెట్టు, తర్వాత మెకానిక్ వస్తే నోటితో చెప్పేకంటే ఇది చూపించడం మేలు.

పైదారం వదులవడానికి కొత్తవాళ్ళ దగ్గర నేను ఎక్కువగా చూసే కారణం ఒకటే. గుడ్డని నొక్కిపట్టే మిషను పాదాన్ని కిందికి దించి ఉంచి దారం ఎక్కిస్తారు. ఈ తెల్ల మిషన్లలో పైదారానికి బిగువిచ్చే టెన్షన్ బిళ్ళలు లోపల ఉంటాయి, బయటికి కనిపించవు. పాదం పైకెత్తినప్పుడే ఆ బిళ్ళలు విచ్చుకుంటాయి, దించితే మూసుకుంటాయి. మూసి ఉన్నప్పుడు దారం పెడితే అది బిళ్ళల మధ్యకి వెళ్ళదు, పైపైన కూర్చుంటుంది. నల్ల మిషన్లో బిళ్ళలు బయటే, మన కళ్ళ ముందే ఉంటాయి కాబట్టి అక్కడ నేర్చుకున్న చేతికి ఈ సంగతి తట్టదు. అందుకని దారం మొత్తం తీసెయ్. పాదం మీట పైకెత్తు. చక్రం నీ వైపుకి తిప్పి, పైకీ కిందికీ ఆడే కొక్కేన్ని బాగా పైకి తెచ్చుకో. రీలు దగ్గర దారాన్ని ఒక చేత్తో కాస్త పట్టి ఉంచి, రెండో చేత్తో బాణం గుర్తుల దారిలో కిందికి, మళ్ళీ పైకి, కొక్కెం కన్నంలోంచి, మళ్ళీ కిందికి తీసుకురా. ఇప్పుడు పాదం దించి దారం లాగి చూడు. గట్టిగా, సూది వంగేలా పట్టు తగలాలి. పాదం ఎత్తి లాగితే హాయిగా జారాలి. ఎత్తినా దించినా ఒకేలా జారితే దారం ఇంకా బిళ్ళల్లో పడలేదన్నమాట, మళ్ళీ మొదటి నుంచి ఎక్కించు.

అలాగే కొక్కెం కన్నంలోంచి దారం బయటికి వచ్చేసినా ఇదే గుబురు కడుతుంది. కుట్టడం మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసల్నీ పాదం కిందనుంచి వెనక్కి తీసి, మొదటి మూడు నాలుగు కుట్లు పడేదాకా వేళ్ళతో పట్టుకో. తొక్కుడు మిషను నెమ్మదిగా మొదలవుతుంది కాబట్టి పట్టుకోకపోయినా నడిచింది. మోటారు ఒక్కసారిగా లాగుతుంది, కొస లోపలికి పోయి చుట్టుకుంటుంది. టెన్షన్ డయల్ 3 నుంచి 5 మధ్యలో పెట్టి వదిలెయ్, పైన చెప్పినవన్నీ సరిచేశాకే దాని జోలికి వెళ్ళు.

బాబిన్ కూడా ఒకసారి చూడు. చుట్టేటప్పుడు పైన ఉండే చిన్న బిళ్ళ చుట్టూ దారం తిప్పకపోతే బాబిన్ మెత్తగా, ఎగుడుదిగుడుగా వస్తుంది. వేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. ట్రైనింగ్ సెంటర్ నుంచి తెచ్చుకున్న పాత బాబిన్లు ఇందులో వాడుతున్నావేమో, వాడకు. చూడ్డానికి ఒకేలా ఉన్నా ఎత్తులో రవ్వంత తేడా ఉంటుంది, అది చాలు కుట్టు చెడడానికి. మిషనుతో వచ్చినవే వాడు, ఇంకా కావాలంటే అదే మోడల్‌వి కొను. మీ మిషన్లో బాబిన్ కేసు బయటికి తీసేదైతే, కేసులో బాబిన్ పెట్టి దారం కొస పట్టుకుని వేలాడదియ్. కేసు అక్కడే ఆగి ఉండాలి, చెయ్యి చిన్నగా కుదిపితే కొద్దిగా దిగి మళ్ళీ ఆగాలి. గబగబా నేలకి జారిపోతే ఆ దారం కేసు మీది రేకు కిందికి వెళ్ళలేదు.

కుట్లు తప్పడానికి వస్తున్నాను. కుట్టు ఎలా పడుతుందో ఒక్కసారి తెలుసుకుంటే నీకే కారణం అర్థమవుతుంది. గుడ్డ తీసేసి, ప్లేటు పక్క మూత తెరిచి, కరెంటు తీసి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా నీ వైపుకి తిప్పుతూ చూడు. సూది పూర్తిగా అడుగుకి దిగి, తిరిగి సుమారు 2 మిల్లీమీటర్లు లేచేసరికి దాని వెనక దారం చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. సరిగ్గా అప్పుడే అడుగున బాబిన్ చుట్టూ తిరిగే షటిల్ ముక్కు వచ్చి ఆ ఉచ్చులోంచి దూరి, దారాన్ని బాబిన్ చుట్టూ తిప్పి వదులుతుంది. సూది కాస్త కిందికి ఉన్నా, పక్కకి తిరిగినా, కంటికి తెలియనంత వంగినా ముక్కుకి ఉచ్చు అందదు. అందని చోటల్లా ఒక కుట్టు తప్పుతుంది. అంతే సంగతి.

నల్ల మిషన్లో సూది చదునుభాగం పక్కకి ఉంటుంది, దారం పక్క నుంచి ఎక్కిస్తాం. ఈ జిగ్‌జాగ్ మిషన్లలో చదునుభాగం వెనక్కి, దారం ముందు నుంచి వెనక్కి. మిషనుతో పాటు బిగించి వచ్చిన సూదితోనే కుడుతున్నావా, నువ్వు మార్చావా అన్నది రాయలేదు. మార్చి ఉంటే ముందు ఇదే చూడు. సూదిని పైకి ఇక వెళ్ళదు అన్నదాకా తోసి స్క్రూ బిగించు. ఇంకొకటి, టైలరింగ్ సామాన్ల కొట్లో ‘మిషను సూది’ అంటే కొందరు జూకీ, జాక్ లాంటి పెద్ద మిషన్ల సూది ఇచ్చేస్తారు. దాని తల గుండ్రంగా ఉంటుంది, చదును ఉండదు. అది నీ మిషనుకి పనికిరాదు. చదును తల ఉన్నది, ప్యాకెట్ మీద సైజు రాసి ఉన్నది అడుగు.

పట్టు జాకెట్టుకి 11 నంబరు కొత్త సూది పెట్టు. కాటన్, లైనింగ్ కలిపిన మామూలు జాకెట్టుకి 14. జీన్స్‌లాంటి మందానికి 16. సాగే బట్టకైతే మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది వేరే ఉంటుంది, మామూలు సూదితో కుడితే కుట్లు తప్పుతుంటాయి. జరీ అంచు సూది మొనని తొందరగా అరగదీస్తుంది. గుడ్డలో దిగేటప్పుడు టక్ టక్‌మని చప్పుడు మొదలైందంటే మొన పోయినట్టే, పట్టులో పోగులు లాగేయకముందే మార్చెయ్. సుమారు 8 గంటల కుట్టుపనికి ఒక సూది అని లెక్క పెట్టుకుంటారు. సూది ఖర్చు చిన్నది, కస్టమర్ పట్టుచీర అంచు ముక్క మళ్ళీ దొరకదు.

దారం గురించి కూడా చెప్పాలి. రంగులన్నీ కలిపి డబ్బాలో అమ్మే అతి చవక రీళ్ళు చూస్తే ముచ్చటేస్తుంది. వెలుతురుకి ఎదురుగా ఒక మూర దారం పట్టుకుని చూడు. ఒకచోట సన్నం, ఒకచోట లావు, నూగు లేచి ఉంటే అది సూది కన్నంలో పట్టేస్తుంది, బిళ్ళల్లో పీచు నింపుతుంది. నల్ల మిషను దాన్ని భరిస్తుంది, ఈ మిషను భరించదు. మంచి పాలిస్టర్ దారం నాలుగైదు వాడుక రంగుల్లో కొనుక్కో చాలు.

ఇది చాలామంది చెప్పరు, కానీ నల్ల మిషను కుట్టు ఎందుకు అందంగా కనిపిస్తుందో ఇక్కడే ఉంది. నల్ల మిషను ప్లేటుకి సూది దిగడానికి చిన్న గుండ్రటి కన్నం ఒక్కటే ఉంటుంది. జిగ్‌జాగ్ మిషన్లో సూది అటూ ఇటూ ఆడాలి కాబట్టి ఆ కన్నం అడ్డంగా, పొడుగ్గా ఉంటుంది. పల్చటి పట్టు, షిఫాన్, జార్జెట్ ఆ సందులోకి సూదితో పాటు దిగబడిపోతాయి. అందుకే అంచు దగ్గర మొదలుపెట్టగానే గుడ్డని మింగేస్తుంది, కుట్టు ముడతలు పడుతుంది. దీనికి విరుగుడు, అంచుకి కాస్త లోపల మొదలుపెట్టి వెనక్కి ఒకటి రెండు కుట్లు వేసుకో. గుడ్డ కింద పల్చటి కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపెయ్. సూది స్థానం మార్చే వీలుంటే ఎడమ చివరికి జరుపు, అక్కడ గుడ్డకి ప్లేటు అంచు ఆసరా దొరుకుతుంది. కొన్ని మోడళ్ళకి ఒకే కన్నం ఉన్న ప్లేటు విడిగా దొరుకుతుంది. అది పెట్టినప్పుడు మాత్రం నడిమి సూదితో నేరుకుట్టే వెయ్యాలి. మర్చిపోయి జిగ్‌జాగ్‌కి తిప్పితే సూది విరిగి ఎగురుతుంది, కంటికి తగులుతుంది.

పైపింగ్ దగ్గర ఆగిపోవడం. అక్కడ ఎన్ని పొరలు ఉంటాయో లెక్కపెట్టు. ముందు భాగం, వెనక భాగం, రెండిటి లైనింగు, రెండు వైపులా పైపింగు, దానిలో తాడు, మెడకి కాన్వాసు ఉంటే అదీను. ఇంటి మిషను మోటారు సాధారణంగా 70 నుంచి 85 వాట్లు ఉంటుంది. రెడీమేడ్ షాపుల్లో ఆడే పెద్ద మిషన్ల మోటారు 400, 550 వాట్లు. పైగా పెడల్ మెల్లగా తొక్కినప్పుడు ఇంటి మిషను మోటారుకి బలం ఇంకా తగ్గుతుంది, మందం దగ్గర మనం మెల్లగానే తొక్కుతాం కదా. మీ ఊళ్ళో సాయంత్రం ఓల్టేజీ తగ్గితే మరీ ఇబ్బంది. గుయ్‌మంటూ ఆగిన క్షణంలో పెడల్ మీద కాలు తీసెయ్. అలాగే తొక్కి పెడితే మోటారు వేడెక్కి కాలిపోతుంది, అది వారంటీలో రాదనే వాళ్ళే ఎక్కువ. ఆ అరంగుళం చక్రం చేత్తో తిప్పుకుని దాటెయ్యి. లైనింగు కుట్టుబడిని (కుట్టుకి బయట మిగిలే అంచుని) పైబట్ట కుట్టుబడి కంటే సగానికి కత్తిరించి మెట్టులా చెయ్యి. జాయింటులోకి పైపింగు తాడు రాకుండా కుట్టు ఉన్నంత మేర తాడుని లాగి కత్తిరించు. కుట్టేముందు జాయింటుని ఇస్త్రీ పెట్టెతో గట్టిగా నొక్కు. పాదం మందం ఎక్కుతూ ముందువైపు లేచిపోతుంది, అప్పుడు అదే మందంలో మడిచిన గుడ్డముక్క పాదం వెనకభాగం కింద పెడితే పాదం సమంగా నిలబడి గుడ్డ ముందుకి కదులుతుంది. ఇన్ని చేస్తే రోజుకి ఒకటి రెండు జాకెట్లు ఇబ్బంది లేకుండా కుడతావు.

నూనె విషయం నువ్వు అడగలేదు, అయినా చెప్తాను. మీ మోడల్‌కి నూనె వెయ్యాలో అక్కర్లేదో పుస్తకంలో ఉంటుంది. వెయ్యమంటే తెల్లటి మిషను నూనె మాత్రమే. చప్పుడు తగ్గుతుందని ఎవరో చెప్పారని కొబ్బరినూనె వేస్తే చలికాలంలో గడ్డకట్టి, దారప్పీచుతో కలిసి జిగురవుతుంది, చక్రం తిరగదు.

ఇవన్నీ అయ్యాక అసలు పరీక్ష. కొత్త 14 సూది, మంచి దారం, రెండు మడతల కాటన్, కుట్టు పొడవు 2.5, టెన్షన్ 4. ఒక మూరెడు నేరుగా కుట్టు. ఇక్కడ కూడా కుట్లు తప్పుతుంటే అది షటిల్ టైమింగ్ తప్పిన, అంటే షటిల్ ముక్కు సూది దగ్గరికి వేళకి రాని మిషను. రవాణాలో పెట్టె పడితే ఇలా అవుతుంది. దారం లేకుండా చక్రం తిప్పినప్పుడు ఒకేచోట బరువుగా తగిలినా, సూది ప్లేటుకో పాదానికో తగులుతున్నా, పెడల్ తొక్కకుండానే మిషను కదిలినా, కాలిన వాసన వచ్చినా ఇక నువ్వు సర్దుకోవాల్సింది ఏమీ లేదు. వీడియో తియ్, దారం ఎక్కించిన తీరు, సూది ప్యాకెట్, కుట్టిన గుడ్డ రెండు వైపులా అందులో కనపడాలి. యాప్‌లోనే వాపసు కోరు, ఫోన్లో మాటలతో ఊరుకోకు. మెకానిక్‌ని పంపిస్తామంటే రానివ్వు, కానీ గడువు దాటేలోపే రావాలని రాతలో పెట్టు. వచ్చినవాడి చేత ఏం లోపం చూశాడో, ఏం చేశాడో కాగితం మీద రాయించుకో.

వాళ్ళు దాటవేస్తే 1915కి ఫోన్ చెయ్యి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తెగకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నువ్వు ఉంటున్న జిల్లా కమిషన్లోనే ఫిర్యాదు వెయ్యొచ్చు, అమ్మినవాడి ఊరికి వెళ్ళక్కర్లేదు. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, 2 ఏళ్ళ వరకు గడువుంది. బతుకుతెరువు కోసం సొంతంగా వాడుకునే మిషను కూడా ఆ చట్టం కిందికి వస్తుంది, నువ్వు జాకెట్లు కుట్టి సంపాదిస్తున్నావని ఎవరైనా బెదిరిస్తే బెదరకు. కంపెనీ వారంటీ మాత్రం వేరు. చాలా కార్డుల్లో ఇంటి వాడకానికే వర్తిస్తుందని ఉంటుంది, చదివి చూడు.

ఇక ఉంచుకోవాలా వద్దా. పరీక్షలో కాటన్ కుట్టు శుభ్రంగా పడి, నీ పని రోజుకి ఒకటి రెండు జాకెట్లు, పిల్లల గౌన్లు, చీరలకి ఫాల్స్ అయితే ఉంచుకో. బొత్తాం కాజాలు, అంచులకి జిగ్‌జాగ్ నల్ల మిషను మీద రావు, ఇందులో వస్తాయి. రోజుకి ఐదారు లైనింగ్ జాకెట్లు కుట్టి సంసారానికి ఆసరా కావాలన్నదే నీ ఆలోచనైతే, మిషను బాగున్నా సరే, నిబంధన ఒప్పుకుంటే వెనక్కి పంపి నల్ల మిషనుకి మోటారు బిగించినది తీసుకో. నేరుకుట్టు తప్ప ఏమీ రాదు, కానీ మందం మీద తడబడదు, విడిభాగాలు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి, బాగుచేసేవాడూ దొరుకుతాడు. మీ అత్తగారి మాటలో ఈ మేరకు నిజం ఉంది, ఆవిడతో పోట్లాడకు. పని పెరిగాక జాక్, జూకీ లాంటివాటి గురించి ఆలోచించొచ్చు. అవి నిమిషానికి నాలుగైదు వేల కుట్లు వేస్తాయి, ఇంటి మిషను 600 నుంచి 900. కొత్త చేతికి ఆ వేగం భయమేస్తుంది, వేగం తగ్గించుకునే సర్వో మోటారు ఉన్నదే అడగాలి.

డబ్బు దగ్గర ఆగితే, 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. శిక్షణ రోజులకి 500 రూపాయల చొప్పున భత్యం, పనిముట్లకి 15,000 రూపాయల వోచరు, మొదటి విడతగా లక్ష రూపాయల అప్పు 5 శాతం వడ్డీకి. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. మీ ఊళ్ళో కామన్ సర్వీస్ సెంటర్ ఎక్కడుందో అడిగి వెళ్ళు.

ఇంకో మాట, అమెరికాలో ఉన్న మీ ఆడపడుచు మంచి మిషను పంపిస్తానంటోందని రాశావు. అక్కడి కరెంటు 120 ఓల్టులు, మనది 230. 120 ఓల్టులకే చేసిన మిషన్ని నేరుగా ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. సరైన వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి, ఇక్కడ దానికి వారంటీ చెల్లదు, భాగాలు దొరకవు. వద్దని చెప్పు.

రేపు పొద్దున వెలుతుర్లో ఆ రెండు రంగుల దారంతో మొదలుపెట్టు. 5 రోజులు అయిపోయాయంటున్నావు, నీది 7 రోజుల గడువే అయితే రేపు సాయంత్రంలోగా వాపసు బటన్ నొక్కాలో వద్దో తేల్చుకో. కుట్టు కుదిరాక కావాలంటే రద్దు చేసుకోవచ్చు, గడువు దాటాక మాత్రం ఆ బటనే ఉండదు.